చేరిన తేదీ

(కోనసీమలోని ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ముగ్గురు సిబ్బంది సర్వీసు వార్షికోత్సవం జరిపినప్పుడు, వేరే ఊళ్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం. తమ పేర్లు వేయవద్దని ఆ ముగ్గురూ అడిగారు. అందుకని వేయలేదు.)

అందరికీ నమస్కారం అండి. ప్రిన్సిపాల్ గారికి, లైబ్రేరియన్ మేడమ్ గారికి, వెనకాల గోడకి చేరబడి నిలబడ్డ పిల్లలకి కూడా. ముందు వరస ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండమ్మా. రారు. నాకు తెలుసు. నేను చదువుకున్నప్పుడూ రాలేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. అటెండరు గారూ, ఆ టీ ట్రే కింద పెట్టండి. మీకోసం పెట్టిన మీటింగులో మీరే టీలు ఇస్తే ఎలాగండీ? ఎవరైనా కుర్రాడు లేచి ఆ ట్రే అందుకోండి. ఆయ్, అదీ. మీరిలా వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. చూడండి, కుర్చీ అంచున కూర్చున్నారు. ఎప్పుడు లేవాలా అని.

నన్ను పిలిచినప్పుడు మేడమ్ గారు ఫోన్‌లో ఏమన్నారంటే, "సార్, మా లైబ్రరీలో ఒకరికి 30 ఏళ్లు, ఒకరికి 25 ఏళ్లు, ఒకమ్మాయికి 6 ఏళ్లు నిండాయి. చిన్న ఫంక్షన్ చేసుకుంటున్నాం, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేనేం అడిగానో తెలుసా? "ఎవరు రిటైరవుతున్నారమ్మా?" అన్నాను. "ఎవరూ అవట్లేదు సార్" అన్నారు. "మరి ఫంక్షన్ ఎందుకు?" అన్నాను.

అన్నాక ఫోన్ పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను. 36 ఏళ్లు లైబ్రరీలో పనిచేసిన మనిషిని. మనిషి వెళ్లిపోతుంటే తప్ప దండ వెయ్యాలని నాకెప్పుడూ తోచలేదన్నమాట.

మనకంతే కదండీ. రిటైర్మెంట్ రోజున ఆయన గురించి ఉన్న మంచి మాటలన్నీ చెప్పేస్తాం. భార్యాపిల్లలు అప్పుడే మొదటిసారి వింటారు. ఆయన కూడా మొదటిసారే వింటాడు. ఇంత మంచివాణ్ణని ముందే చెప్పి ఉంటే ఈ ముప్పై ఏళ్లూ కాస్త నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి కదా అని లోపల అనుకుంటాడేమో, పైకి మాత్రం అనడు.

సర్వీసు ఏళ్లు లెక్కపెట్టడం మనకి రాదని కాదు. ప్రభుత్వానికి భేషుగ్గా వచ్చు. చేరిన రోజు సర్వీసు రిజిస్టరులో రాస్తారు, ఫలానా తేదీ, ఎఫ్.ఎన్., అంటే పొద్దుటి పూట అని. పొద్దున చేరాడా, మధ్యాహ్నం చేరాడా అన్నది కూడా రాస్తారు. ఇంక్రిమెంటు నెల ఏదో ప్రతి ఉద్యోగికీ తెలుసు, పెళ్లిరోజు మర్చిపోయినవాడికి కూడా తెలుసు. ఇంకా ఉంది. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోయినవాళ్లకి 6 ఏళ్లకి, 12కి, 18కి, 24కి స్కేలు మార్చే పద్ధతి ఒకటుంది. 2022 పీఆర్సీతో, అంటే జీతాల సవరణతో, 30 ఏళ్ల మెట్టు కూడా చేర్చారు. అంటే ఏమిటండీ? ముప్పై ఏళ్లు ప్రమోషన్ లేకుండా ఒకచోటే ఉండిపోయేవాళ్లు ఉంటారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు! మంచిదే. డబ్బులు వస్తాయి. కానీ ఆ కాగితం ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ టేబుల్ మీదకి వస్తుంది, బిల్లులో కలుస్తుంది, అయిపోతుంది. పక్క గదిలో లెక్చరరుకి కూడా తెలీదు, ఈయనకి 24 ఏళ్లు నిండాయని.

ఇప్పుడు లైబ్రరీలోకి వద్దాం. పిల్లలూ, కొత్త పుస్తకం లైబ్రరీకి రాగానే మొట్టమొదట ఏం చేస్తాం? ఎవరన్నా చెప్తారా? బీరువాలో పెడతామా? కాదు. అక్సెషన్ రిజిస్టరులో ఎక్కిస్తాం. తేదీ, నంబరు, రచయిత, పేరు, అచ్చువేసినవాళ్లు, సంవత్సరం, పుటలు, ధర, ఏ కొట్లో కొన్నాం, బిల్లు నంబరు. చివర రిమార్కుల గడి. ఆ నంబరు ఇంక ఆ పుస్తకానిదే. పుస్తకం చిరిగిపోయినా, పోయినా, చెదలు తిన్నా, ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వం. రిమార్కుల్లో ఎర్ర సిరాతో రాస్తాం తప్ప నంబరు మార్చం.

మూడు రూపాయల పుస్తకానికి అది వచ్చిన తేదీ మనం యాభై ఏళ్లు కాపాడతాం. ఆ పుస్తకాన్ని రోజూ తీసి, దులిపి, మళ్లీ అదే చోట పెట్టే మనిషి ఏ రోజున వచ్చాడో లైబ్రరీలో ఎక్కడన్నా రాసి ఉందా? నా లైబ్రరీలో లేదు. ఇక్కడ కూడా మేడమ్ గారు ఆఫీసుకి వెళ్లి సర్వీసు రిజిస్టర్లు తీయిస్తే గానీ తెలీలేదట.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను ఇవాళ అసలు వచ్చిందే దానికోసం. ఊరి పేరు, కాలేజీ పేరు చెప్పను. ఇప్పుడు వాళ్లెవరూ లేరు, పేరెత్తి ఉపయోగం లేదు.

నేను 1984లో చేరాను. అప్పటికే అక్కడ ఒక అటెండరు ఉన్నాడు. నేను బాబాయి అనేవాణ్ణి. 1961 జూలైలో చేరాడు. ఎనిమిదో క్లాసు చదువు. అరవ ఇంగ్లీషు, తెలుగు ఇంగ్లీషు కాదు, ఆయనది బీరువా ఇంగ్లీషు. పుస్తకం వీపు మీద అక్షరాల ఆకారం చూసి గుర్తుపట్టేవాడు. "ఎకనామిక్స్ పుస్తకమండి, మార్షల్ గారిది, నీలం అట్ట, మూడో బీరువా, కింద నుంచి రెండో అర" అనేవాడు. మార్షల్ గారు ఎవరో ఆయనకి తెలీదు. ఎక్కడుంటారో తెలుసు.

1986 ఆగస్టు. ఇక్కడ యాభై దాటినవాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన వెళ్లింది గోదారి. ఏటిగట్లు తెగాయి. మా కాలేజీ పల్లంలో ఉండేది. నేను, బాబాయి వెళ్లేసరికి లైబ్రరీలో మోకాలి దాకా నీళ్లు. చెక్క బీరువాలు ఉబ్బిపోయి తలుపులు రావట్లేదు. కింది రెండు అరలూ మునిగాయి. కొన్ని పుస్తకాలు తేలుతున్నాయండి. పుస్తకం నీళ్లలో తేలడం మీరెప్పుడన్నా చూశారా? చూడకూడదు.

నేను పిచ్చివాడిలా పుస్తకాలు లాగి పైన పడేస్తున్నాను. బాబాయి పంచె ఎగ్గట్టి నేరుగా నా టేబుల్ దగ్గరికి వెళ్లాడు. సొరుగు లాగి రెండు అక్సెషన్ రిజిస్టర్లు తీశాడు. ఇంతింత లావు ఉంటాయి కదా అవి. భుజం మీద తువ్వాలులో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది. "పుస్తకాలు పోతుంటే రిజిస్టర్లు పట్టుకుంటావేంటి బాబాయ్!" అని అరిచాను. ఆయన ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పుస్తకం పోతే కొనుక్కోవచ్చండి. ఏది పోయిందో తెలీకపోతే ఏం కొంటారండి?"

నేను లైబ్రరీ సైన్సు చదివి వచ్చినవాణ్ణి. ఆ మాట నాకు ఏ పరీక్షలోనూ రాలేదు.

నీళ్లు తీశాక ఇంకో పాఠం. తడిసిన పుస్తకాలన్నీ డాబా మీద ఎండలో పరిచేద్దామన్నాను. వద్దన్నాడు. ఎండలో పెడితే అప్పడంలా వంకర తిరుగుతాయి అన్నాడు. నీడన, గాలి తగిలేచోట, నిలబెట్టి, విసనకర్రలా కొంచెం విప్పి పెట్టాలి. పది పుటలకొక పాత పేపరు దూర్చాలి. ఆ పేపరు చెమ్మ పీల్చగానే తీసి వేరేది పెట్టాలి. సరే, పేపర్లు ఏవండీ? కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు, ఊళ్లో పేపర్లన్నీ తడిసే ఉన్నాయి. బాబాయి సైకిలేసుకుని నీళ్లెక్కని ఊళ్లకి వెళ్లి, కిరాణా కొట్లలో పొట్లాలు కట్టే పేపర్లు అడిగి తెచ్చాడు. పన్నెండు రోజులు ఆ పేపర్లు మారుస్తూనే ఉన్నాం. చాలామటుకు బతికాయి. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు మాత్రం, వృక్షశాస్త్రం రంగు బొమ్మలవీ అవీ, పేజీకి పేజీ అతుక్కుని ఇటుకలైపోయాయి. అవి, బూజు పట్టి ముద్దైపోయినవి కలిపి రెండొందల పైచిలుకు. వీటిని లెక్కలోంచి తీసేయడానికి అనుమతి కావాలని ఫైలు పెట్టాను. పైకి వెళ్లింది. వెళ్లింది అంతే.

1994లో బాబాయి రిటైరయ్యాడు. రిటైరయ్యేముందు నో డ్యూస్, అంటే బాకీలేమీ లేవన్న కాగితం, కావాలి కదా. స్టాకు వెరిఫికేషన్ పెట్టారు. రిజిస్టరులో ఉన్నాయి, బీరువాలో లేవు, రెండొందల పైచిలుకు. స్టాకు ఎవరి చార్జిలో ఉంది? అటెండరు సంతకం ఉంది. ఆ పుస్తకాలవి పాత ధరలు, మూడు రూపాయలు, ఏడున్నర రూపాయలు. మొత్తం కూడితే పెద్ద సొమ్మేం కాదు. కానీ ఆయనకి రావలసిన డబ్బుల్లోంచి పట్టుకున్నారు.

మళ్లీ చెప్తాను. ఏ రిజిస్టరుని నెత్తిన పెట్టుకుని వరదలోంచి తెచ్చాడో, ఆ రిజిస్టరు చూపించే పట్టుకున్నారు.

ఆ లిస్టు కింద లైబ్రేరియన్ సంతకం ఉంటుంది కదండీ. అది నాదే. వరదలో పోయాయని నోటు రాశాను. ఆధారం జతచేయలేదని తిరిగొచ్చింది. ఎనిమిదేళ్ల కిందటి వరదకి ఆధారం! మళ్లీ రాయాలి, వెంటపడాలి. పడలేదు. పిల్లల చదువులు, ఇల్లు కట్టుకోవడం, అప్పట్లో చాలా కారణాలు కనిపించాయి. ఫంక్షన్‌లో మాత్రం బాగా మాట్లాడాను. 33 ఏళ్ల నిస్వార్థ సేవ అన్నాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. మీటింగు అయ్యాక దండ తీసి కిటికీ ఊచకి తగిలించి, కుర్చీలన్నీ ఆయనే సర్దేసి వెళ్లాడు.

తర్వాతెప్పుడో లెక్క వేశాను. 1961 జూలైలో చేరాడు అంటే 1986 జూలైకి పాతికేళ్లు. ఆ వరద ఆయనకి పాతికేళ్లు నిండిన మరుసటి నెలలో వచ్చింది. ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. మేం ఏటా జూలైలో ఒక పది నిమిషాలు కూర్చుని, బాబాయి, ఈ ఏడాది ఏం చేశావు అని అడిగి, రాసి, ప్రిన్సిపాల్ గారి సంతకం పెట్టించి ఉంటే? 1987 జూలై కాగితంలో ఆ రెండొందల పుస్తకాలూ ఉండేవి కదా. 1994లో ఆధారమేదీ అనే ప్రశ్నే వచ్చేది కాదు. అందుకనే చెప్తున్నాను. వార్షికోత్సవం అంటే కేకు కాదండి. ఏటేటా రిజిస్టరు రాయడం. పుస్తకాలకి రాస్తున్నాం, మనుషులకి రాయట్లేదు, అంతే తేడా.

మాటలో మాటగా ఒక సంగతి, ఇది ప్రిన్సిపాల్ గారికి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 నాటివి, అందులో 215వ నియమం చూడండి. ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోవడం మామూలే అని రాశారు. మోసమో నిర్లక్ష్యమో ఉంటే వేరే సంగతి. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారించాలి. ఇరవై వేల లోపు పుస్తకాలుంటే ఏటా లెక్క చూడాలి, యాభై వేల దాకా ఉంటే మూడేళ్లకోసారైనా చూడాలి. అది కేంద్రం వాళ్లది, మన కాలేజీకి నేరుగా వర్తించదు. కానీ అడిగేటప్పుడు చూపించడానికి పనికొస్తుంది. చదివేవాళ్లుంటే పుస్తకం పోతుంది. ఒక్కటీ పోని లైబ్రరీ అంటే తాళం వేసిన లైబ్రరీయే. పోయిన ప్రతి పుస్తకానికీ అటెండరు జేబు చూస్తే, ఆయనేం చేస్తాడు? బీరువాకి తాళం వేస్తాడు. నేనైనా వేస్తాను.

సరే, ఈ ముగ్గురి దగ్గరికి వద్దాం. వాళ్లు చూడండి, నేను ఇటు తిరగ్గానే తల దించుకున్నారు.

అటెండరు గారు 1995లో చేరారు. మరుసటి ఏడాది నవంబరు 6 తుపాను. కోనసీమలో కొబ్బరి తోటలు ఏమయ్యాయో మీ ఇళ్లలో చెప్పే ఉంటారు. ఇక్కడ కిటికీ రెక్కలు ఊడిపోతే ఈయన వాటికి అడ్డంగా బీరువా జరిపారట, వీపుతో. అది నేను చెప్పను, ఆయన్నే అడగండి. నేను చెప్పేది నిన్న సాయంత్రం చూసింది. స్టాకు గది వెనకాల వసారాలో స్టవ్వు మీద గిన్నె పెట్టి కలుపుతున్నారు. ఏం వంటండీ అన్నాను. మైదా. బైండింగు జిగురు. ఉండ కట్టకుండా చన్నీళ్లలో కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ, చిక్కబడుతుండగా కొంచెం మైలుతుత్తం వేశారు. ఎందుకో తెలుసా? ఉత్త మైదా అయితే పురుగులకి మనం పెళ్లిభోజనం పెట్టినట్టే. మన డెల్టా చెమ్మకి రామబాణం పురుగు అట్టలోంచి దూరి ఇటు నుంచి అటు బాణం దూసినట్టు పోతుంది. ఆ జిగురు రాసి, వీపుకి గుడ్డపట్టీ వేసి, పైన రెండు ఇటుకలు పెట్టి రాత్రంతా ఉంచారు. ఇవాళ పొద్దున ఆ పుస్తకం చూశాను. బీకాం వాళ్లది, అకౌంటెన్సీ. ఇంకో పదేళ్లు చదవచ్చు. కొత్తది కొంటే ఎంతవుతుంది చెప్పండి? ముప్పై ఏళ్లలో ఇలా ఎన్ని కుట్టి ఉంటారండీ? అడిగితే, "లెక్కెట్టలేదండి" అన్నారు. అదే నా బాధ. లెక్కపెట్టాలండి.

లైబ్రరీ అసిస్టెంటు అమ్మ 2000లో వచ్చారు. కార్డు కేటలాగు సొరుగులు చూశారు, కంప్యూటరు చూశారు, బార్‌కోడు చూశారు. పిల్లలు వచ్చి, "మేడమ్, సార్ చెప్పారు, ఎర్ర అట్ట పుస్తకం, పేరు తెలీదు" అంటే తెచ్చి ఇస్తారట. ఏ కంప్యూటరులోనూ ఎర్ర అట్ట అని వెతకడానికి లేదు. పోయినసారి నేను వచ్చినప్పుడు ఆవిడ ఒక కుర్రాణ్ణి తిట్టడం చూశాను. పుస్తకం మూడు నెలలు ఆలస్యం. బాగా తిట్టారు. వాడు వెళ్లాక మళ్లీ పిలిచి, "మీ నాన్నగారికి ఎలా ఉందిరా?" అని అడిగారు. వాడి జరిమానా ఎవరు కట్టారో నేను చూశాను గానీ చెప్పను, ఆడిట్ వాళ్లు వింటారు.

ఇక మూడో అమ్మాయి. ఈ అమ్మాయి సంగతి కొంచెం కష్టం. ఆరేళ్ల నుంచి ఇక్కడ పుస్తకాలన్నీ కంప్యూటరులో ఎక్కిస్తోంది. కానీ ఆర్డరు కాగితం తీస్తే ఆరేళ్లు ఉండవు. తాత్కాలిక ఉద్యోగాలకి మన రాష్ట్రంలో, బయటా, చాలాచోట్ల ఇంతే. ఏడాది కాగానే మధ్యలో ఒకటి రెండు రోజులు బ్రేకు వేసి మళ్లీ తీసుకుంటారు. కాగితం ప్రకారం ఈ అమ్మాయి ప్రతి ఏడాదీ కొత్తగా చేరుతుంది. వార్షికోత్సవం చేద్దామంటే చేరిన తేదీయే లేదు. చేరిన తేదీ లేకుండా చెయ్యడమే ఆ బ్రేకు ఉద్దేశం కదా, దాని గురించి నేను ఎక్కువ మాట్లాడను, ఇక్కడ ఆ సంతకాలు పెట్టేవాళ్లెవరూ లేరు.

మరి మేడమ్ గారికి ఆరేళ్లని ఎలా తెలిసింది? ఇది నాకు భలే నచ్చిందండి. సాఫ్ట్‌వేరులో వెతికారు. ఈ అమ్మాయి లాగిన్‌తో ఎక్కించిన మొట్టమొదటి పుస్తకం ఏది అని చూస్తే తేదీతో సహా వచ్చింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పుస్తకం, మధ్యాహ్నం రెండుంబావుకి. కాగితం మర్చిపోయిన తేదీ పుస్తకానికి గుర్తుంది. అమ్మా, ఆ పుస్తకం ఇవాళ టేబుల్ మీద పెట్టారు, చూశావా? అదే నీ జాయినింగ్ ఆర్డరు అనుకో.

మన డెల్టావాళ్లకి గ్రంథాలయాలంటే గర్వం ఉంది. ఉండాలి కూడా. అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది ఇక్కడే, కొంకుదురులో. 1914లో బెజవాడలో చిలకమర్తి వారి అధ్యక్షతన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది, దాని వెనక ఆయనే. కృష్ణా డెల్టాలో 1935లో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవు రేవుకీ ఆగి పుస్తకాలు ఇచ్చేవారు. ఎంత అందమైన ఊహ అండీ! నేను ఎన్నో ఉపన్యాసాల్లో చెప్పాను. ఒకసారి ఒక పిల్ల అడిగింది, "సార్, ఆ పడవ నడిపినవాళ్ల పేర్లేంటి?" అని. నీళ్లు నమిలాను.

మన దేశంలో లైబ్రరీ సైన్సుకి ఆద్యుడు రంగనాథన్ గారి గురించి కూడా ఒక మాట. 1931లో ఐదు సూత్రాలు రాశారు, మా లైబ్రరీ సైన్సు వాళ్లకి అవి సంధ్యావందనం. ఆయన గురించి ఒక కథ చెప్తారు, మద్రాసు యూనివర్సిటీలో ఉన్న ఇరవై ఏళ్లూ సెలవు పెట్టలేదని, పెళ్లైన రోజు మధ్యాహ్నం మళ్లీ లైబ్రరీకి వచ్చేశారని. అందరూ గొప్పగా చెప్తారు. నాకు మాత్రం ఆ పెళ్లికూతురు ఏమనుకుందో అనిపిస్తుంది. ఆయన మహానుభావుడు, సరే. కానీ దాన్ని కొలబద్ద చేసి మన అటెండర్ల ముందు పెట్టకండి. నాలుగో సూత్రం చదువరి సమయం ఆదా చెయ్యమంటుంది. చదువరికి మిగిలిన ఆ పావుగంట ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి, నిన్న టేబుళ్ల మీద వదిలేసిన పుస్తకాలన్నీ వాటి వాటి చోట పెడితే వచ్చింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నది. ఫ్లెక్సీ మాత్రం వద్దండి. మన జిల్లాల్లో ఫ్లెక్సీ లేకుండా కుక్కపిల్ల కూడా పుట్టట్లేదు. ఇవాళ బయట వేశారు, చూశాను, ఆ డబ్బులతో రెండు పుస్తకాలు వచ్చేవి. ప్రిన్సిపాల్ గారు నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా అన్నాను. మీటింగు కూడా ఇంత అక్కర్లేదు. అందరివీ కలిపి ఒకరోజు చెయ్యడం కూడా నాకిష్టం లేదు. ఎవరి తేదీ వాళ్లదే. ఆ రోజు పొద్దున తలుపు తీసేముందు, కౌంటరు దగ్గర, పది నిమిషాలు. ఒక నోటుబుక్కు. ఈ ఏడాది ఏం కుట్టారు, ఏం సర్దారు, ఏ పుస్తకం పోయింది, ఎందుకు పోయింది, ఏ బీరువా కాలు ఊగుతోంది, ఏ గోడ కారుతోంది, కొత్తగా వచ్చేవాడికి ఏం తెలియాలి. వాళ్లు చెప్తుంటే ఇంకొకరు రాయాలి. వాళ్లనే రాయమంటే "అంతా బాగుందండి" అని ఒక ముక్క రాసి ఇచ్చేస్తారు. కింద సంతకాలు. ఆఫీసుకి ఒక కాపీ. తర్వాత టిఫిను పెట్టుకుంటారో, తాపేశ్వరం కాజాలు తెప్పించుకుంటారో మీ ఇష్టం. నన్ను పిలిస్తే కాజాలకి వస్తాను.

ఇంకొకటి, ఇది పైదేశం నుంచి తెచ్చుకున్న ఆలోచన. అమెరికాలో కొన్ని యూనివర్సిటీ లైబ్రరీల్లో, ప్రొఫెసరుకి ప్రమోషన్ వస్తే నీకు ఇష్టమైన పుస్తకం ఒకటి చెప్పమంటారు. ఆ పుస్తకంలో లోపలి అట్ట మీద ఆయన పేరుతో ఒక చీటీ అతికించి అరలో పెడతారు. ప్రొఫెసర్లకే ఎందుకండీ? మేడమ్ గారితో అన్నాను. ఆవిడ ఈ ముగ్గుర్నీ అడిగారు, తలొక పుస్తకం చెప్పండి, లైబ్రరీకి కొంటాం, మీ పేరు, చేరిన తేదీ లోపల అతికిస్తాం అని.

ఏం అడిగారో చెప్పమంటారా? అసిస్టెంటు అమ్మ, పిఠాపురం రాజావారు వేయించిన పెద్ద నిఘంటువు ఉంది కదా, ఎనిమిది సంపుటాలు, ఇక్కడ అందులో ఒకటి లేదు. ఆవిడ చేరకముందే పోయిందట. పాతికేళ్లుగా ఆ అరలో ఆ ఖాళీ చూస్తున్నాను, అది పూడిస్తే చాలన్నారు. ఈ చిన్నమ్మాయి గ్రూప్ 2 పుస్తకం అడిగింది. కాస్త సిగ్గుపడుతూ అడిగిందట. సిగ్గెందుకమ్మా? ఈ రీడింగు రూములో ఎక్కువ చిరిగేది అదే, నువ్వు కూడా చదువు, ఇంకో ఆరేళ్లు బ్రేకులు తినకు. అటెండరు గారు కొబ్బరి సాగు పుస్తకం అడిగారు. ఇరవై చెట్లున్నాయి ఆయనకి. ఆకుల కింద తెల్లదోమ పట్టి, పైన నల్లటి మసి కమ్మేస్తోందట. అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పింది ఒకసారి విన్నారట, మొత్తం చదవాలని ఉందట. ముప్పై ఏళ్లు అందరికీ పుస్తకాలు అందించిన మనిషి, తనకోసం ఒక పుస్తకం అడగడం ఇదే మొదటిసారట.

ఆయనేరీ? ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు కదా. ఇప్పుడే శాలువా కప్పాలి, కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరన్నా చూశారా?

ఓహో. మూడున్నర అయ్యింది. మీటింగని రీడింగు రూముకి తాళం వేశారు, బయట పిల్లలు నిలబడ్డారట, తాళం తియ్యడానికి వెళ్లారట. ఎవరూ పిలవలేదా? ఆయనే వెళ్లారా? సరే సరే. పిలవకండి, పని మధ్యలో ఎందుకు. ఆ శాలువా ఇలా ఇవ్వండి. అమ్మా, మీరిద్దరూ లేవండి. మనమే కౌంటరు దగ్గరికి వెళ్దాం.